చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించాక వైఫై, సౌండ్, సస్పెండ్ మొరాయిస్తే

చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఇన్‌స్టాల్ చేసిన తొలిరోజునే వైఫై కనిపించకపోవడం, స్పీకర్ మూగబోవడం, మూత వేసి తెరిస్తే తెర నల్లగానే ఉండిపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు. ఇలాంటప్పుడు చాలామంది వెతికితే దొరికిన కమాండ్లన్నింటినీ వరుసగా టెర్మినల్‌లో అతికించేస్తారు. దాంతో అసలు లోపం తీరకపోగా, ఏ మార్పు వల్ల ఏం చెడిందో తెలియని కొత్త చిక్కు వచ్చి పడుతుంది. లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ తనకు ఏది దొరకలేదో లాగ్ అనే నమోదు పట్టికలో రాసే పెడుతుంది కాబట్టి ముందు దాన్ని చదవాలి, ఆ తర్వాత ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కమాండ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి.

మొదట తేల్చుకోవలసినవి మూడు: పరికరాన్ని కెర్నల్ గుర్తించిందా, దాన్ని నడిపే డ్రైవర్ అతుక్కుందా, ఆ డ్రైవర్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, అందిందా. ఎల్‌ఎస్‌పీసీఐ అనే కమాండ్‌కు అడ్డగీత పెట్టి ఎన్‌ఎన్‌కే చేర్చి నడిపితే ప్రతి పరికరం పక్కన దాని గుర్తింపు సంఖ్య కనిపిస్తుంది. అందులో మొదటి నాలుగు అంకెలు తయారీదారువి: 8086 అంటే ఇంటెల్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 10ఈసీ అంటే రియల్‌టెక్. దాని కిందే వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు ఉంటుంది. ఆ వరుస లేకపోతే డ్రైవర్ అతుక్కోలేదన్నమాట. వైఫై చిప్ ఈ జాబితాలో లేనంత మాత్రాన అది పాడైందని అనుకోకూడదు. యూఎస్‌బీ మీద ఉన్నవి ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో కనిపిస్తాయి. ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో వైఫై చిప్ ఎస్‌డీఐఓ అనే మరో రకం అనుసంధానం మీద ఉంటుంది కాబట్టి రెండింటిలోనూ కనిపించదు, దాని జాడ కెర్నల్ లాగ్‌లోనే దొరుకుతుంది.

ఆ లాగ్‌ను, అడ్మిన్ అధికారం ఇచ్చే సుడోతో డీఎంఈఎస్‌జీ కమాండ్ నడిపి చూడవచ్చు. ఒకసారి నా చేతికి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కోసం డ్రైవర్లు మార్చి మార్చి రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాక లాగ్ తెరిస్తే, ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదనీ ఎర్రర్ సంఖ్య మైనస్ 2 అనీ స్పష్టంగా రాసి ఉంది. మైనస్ 2 అంటే అడిగిన ఫైలు డిస్కులో లేదని అర్థం. చిప్ బాగానే ఉంది, డ్రైవర్ కూడా బాగానే ఉంది. ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపి ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఎక్కించి రీబూట్ చేయగానే నెట్‌వర్క్‌ల జాబితా వచ్చింది. 2023లో వెలువడిన డెబియన్ 12 నుంచి ఇలాంటి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటుంది. అయితే ఇంటెల్ డ్రైవర్ కొత్త వెర్షన్ ఫైలుతో మొదలుపెట్టి పాతవాటి వైపు దిగుతూ వెతుకుతుంది కాబట్టి, మైనస్ 2 వరుసలు కొన్ని కనిపించినా చివరికి ఒక వెర్షన్ లోడ్ అయినట్టు ఉంటే లోపం మరోచోట ఉన్నట్టే.

అప్పుడు వైర్‌లెస్‌ను ఏదైనా ఆపి ఉంచిందేమో చెప్పే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండ్ నడిపి చూడాలి. సాఫ్ట్ బ్లాక్ (సాఫ్ట్‌వేర్ ఆపినది) ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ అంటే సరిపోతుంది; హార్డ్ బ్లాక్‌ను మాత్రం ఏ కమాండూ తీయలేదు, పక్కనున్న స్విచ్‌నో ఎఫ్‌ఎన్ కీనో బయోస్ సెట్టింగ్‌నో చూడాలి. బ్రాడ్‌కామ్ చిప్‌కు బీ43, డబ్ల్యూఎల్ అనే రెండు డ్రైవర్లూ ఉంటే ఒకటి మరొకదాన్ని అడ్డుకుంటుంది, కాబట్టి ఒక్కదాన్నే ఉంచాలి. విడిగా కంపైల్ అయ్యే డ్రైవర్ ఎక్కించినప్పుడు సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే పాస్‌వర్డ్ పెట్టమని అడిగి, తర్వాతి బూట్‌లో నీలిరంగు తెర మీద దాన్ని ఖరారు చేయమంటుంది. తొందరలో ఆ తెరను దాటేస్తే డ్రైవర్ ఎక్కదు.

సౌండ్ విషయం తరచుగా ఇంతకన్నా తేలిక. సౌండ్ స్థాయిలు చూపే ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6తో సరైన కార్డు ఎంచుకోవాలి, ఎందుకంటే హెచ్‌డీఎంఐ ముందు వరుసలో ఉండవచ్చు; ఏదైనా గడి కింద ఎంఎం అని ఉంటే ఎం కీ నొక్కి మ్యూట్ తీయాలి. కార్డే లేదంటే ఎస్‌ఓఎఫ్ అనే సౌండ్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లోపించిందేమో చూడాలి.

మూత తెరిచాక మేలుకోకపోతే ఓపిక పట్టాలి. సిస్ డైరెక్టరీలోని పవర్ ఫోల్డర్‌లో మెమ్_స్లీప్ అనే ఫైలు చదివితే ఎస్2ఐడిల్, డీప్ అనే నిద్ర పద్ధతుల్లో ఏవి ఉన్నాయో కనిపిస్తాయి. ప్రస్తుతం వాడుతున్నది చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. రెండూ ఉంటే బ్రాకెట్లలో లేనిదాన్ని పరీక్షించాలి. అది డీప్ అయితే, బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో ఇంగ్లీషు అక్షరం e నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్ అని చేర్చి ఎఫ్10 నొక్కితే ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది కాబట్టి భయపడనక్కర్లేదు; నాలుగైదు సార్లు మూత వేసి తెరిచి చూశాకే గ్రబ్ సెట్టింగ్‌లో శాశ్వతంగా రాయాలి. బలవంతంగా ఆపివేయాల్సి వచ్చినప్పుడు జర్నల్‌సీటీఎల్‌కు అడ్డగీత బీ, తర్వాత మైనస్ 1 ఇస్తే గత బూట్ లాగ్ వస్తుంది, దాని చివరి వరుసలు చదవాలి. ఇంటెల్ బే ట్రైల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ వాడుతుండగానే గడ్డకట్టినట్టు ఆగిపోతుంటే ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1 అన్న పారామీటర్‌ను ఇదే తీరులో పరీక్షించవచ్చు, కానీ దానివల్ల బ్యాటరీ త్వరగా తరుగుతుంది.

ఇవేవీ ఫలించకపోతే, కొత్త కెర్నల్ ఉన్న లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి చూడాలి. అక్కడ పరికరం పనిచేస్తే కెర్నల్‌ను అప్‌గ్రేడ్ చేయడమే సరైన మందు. అక్కడి లాగ్‌లోనూ, బయోస్‌లోనూ దాని ఊసే లేకపోతే మాత్రం ల్యాప్‌టాప్ ఆపి, వెనక మూత విప్పి, కార్డు, కేబుల్ సరిగ్గా బిగిసి ఉన్నాయో లేదో చూడాలి.