కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌లను ఎన్‌ఎఫ్‌ఎల్ కోసం పోల్చి చూడటం ఎలా?

ఏప్రిల్ దగ్గరపడిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగువారి ఇళ్ళలో కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ గురించి, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం గురించి, వాదనలు మొదలవుతాయి. ఇక్కడ పుట్టిపెరిగిన పిల్లలు తమ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడు) కోసం గొంతు చించుకుంటారు. పెద్దలు క్రికెట్‌లో సగటు చూసే అలవాటుకొద్దీ టచ్‌డౌన్‌ల (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించడం) సంఖ్య చూసి తీర్పు చెప్పేస్తారు. చాలా ఏళ్ళుగా శనివారాలన్నీ కాలేజీ ఆటలకే ధారపోసిన నాకు ఈ రెండు పద్ధతులూ విసుగు తెప్పిస్తాయి. చదునైన పిచ్ మీద ఇంటి జనం ముందు కొట్టిన డబుల్ సెంచరీని బట్టి ఒక బ్యాట్స్‌మన్ పెర్త్‌లో ఎలా ఆడతాడో చెప్పడం ఎంత సబబో, ఇదీ అంతే.

మీకు కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక కలం, ఒక్కొక్క ఆటగాడివి నాలుగు పూర్తి ఆటల రికార్డింగులు. ఆ నాలుగింటిలో కనీసం రెండు అతను ఓడిపోయినవై ఉండాలి. ఐదు నిమిషాల హైలైట్ వీడియోలు పెళ్ళిచూపుల ఫోటోల వంటివి కాబట్టి వాటిని ముట్టుకోవద్దు. ఇద్దరిని మాత్రమే పోల్చండి, ఒకేసారి ఐదుగురిని పెట్టుకుంటే ఎవరినీ చూడనట్టే.

తరువాత అంకెలు రాసుకోండి, కానీ ఒక్క పేజీ దాటకండి. వయసు, ఆరంభం నుంచి ఆడిన ఆటల సంఖ్య, ఎత్తు, పాస్‌లు అందిన శాతం చాలు. కాలేజీ లెక్కల్లో సాక్ అయినప్పుడు (బంతి విసరకముందే ఎదుటివారు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినప్పుడు) పోయిన గజాలను పరుగుల ఖాతాలోంచి తీసేస్తారని గుర్తుంచుకోండి. బాగా పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కు పరుగుల గజాలు తక్కువగా కనిపించడానికి తరచూ ఇదే కారణం. ఆరంభం నుంచి ఆడిన ఆటలు 25కు తక్కువైతే నేను పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెడతాను. 2017లో రెండో ఎంపికగా వెళ్ళిన మిచెల్ ట్రుబిస్కీ నార్త్ కెరొలైనాలో అలా ఆడినవి 13 ఆటలే. పదో స్థానం దాకా ఆగిన పాట్రిక్ మహోమ్స్ తరువాత లీగ్‌లోని మేటి క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడయ్యాడని చెప్పనక్కరలేదు.

అంకెలు ఎంత మత్తెక్కిస్తాయో తెలియాలంటే 2016 అక్టోబరులో లబక్‌లో టెక్సస్ టెక్, ఓక్లహోమా జట్ల మధ్య జరిగిన ఆటను తలచుకోండి. ఆ రాత్రి మహోమ్స్ 734 గజాలు, అవతలివైపు బేకర్ మేఫీల్డ్ 545 గజాలు విసిరారు. మహోమ్స్ జట్టు 59–66తో ఓడిపోయింది. స్కోరు పట్టిక చూసినవాడికి రెండు రక్షణ పంక్తులూ ఎంత బలహీనమైనవో తెలుస్తుంది తప్ప, ఆ ఇద్దరిలో ఎవరు ఏమవుతారో తెలియదు.

ఇక అసలైన మెట్టుకు వద్దాం. ఆటగాడు తాను చేసినదాన్ని, అతనికి కోచ్ అమర్చిపెట్టినదాన్ని వేరుచేయడంలోనే నూటికి తొంభై మంది బోల్తా పడతారు. కాలేజీలో పాస్ వేసేటప్పుడు లైన్‌మెన్ (ముందు వరుసలో అడ్డుగా నిలిచేవారు) మూడు గజాల వరకు ముందుకు పోవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. ఆ రెండు గజాల వెసులుబాటు వల్ల పరుగు వస్తోందనుకుని లైన్‌బ్యాకర్లు (రక్షణ జట్టు మధ్య వరుసలోని వారు) ముందుకు దూకుతారు, వారు ఖాళీ చేసిన చోటికి క్వార్టర్‌బ్యాక్ తాపీగా బంతి అందిస్తాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడమంటే ఇదే. హ్యాష్ గుర్తుల (బంతిని ఏ చోట పెట్టి ఆడాలో తేల్చే రెండు వరుసల గీతల) మధ్య దూరం కూడా కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు కాబట్టి, కాలేజీలో బంతి ఒక పక్క గుర్తు మీద ఉన్నప్పుడు మైదానం రెండో పక్క బాగా విశాలమై రిసీవర్లకు (పాస్ పట్టేవారికి) చోటు దొరుకుతుంది. మైదానం ఇచ్చిన ఆ చోటును విసిరినవాడి ప్రతిభ కింద జమకట్టకండి.

అందుకే నేను మూడో డౌన్‌లో (పది గజాలు సాధించడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఏడు గజాలు, అంతకంటే ఎక్కువ కావలసిన ప్రయత్నాలను మాత్రమే ఎంచుకుంటాను. పాస్ వస్తుందని ఎదుటివారికి ముందే తెలుసు కనుక పరుగు నటన పనిచేయదు, ఒలిచిన అరటిపండు దొరకదు. ఇలాంటి ప్రతి ప్రయత్నాన్నీ మూడుసార్లు చూడండి. మొదటిసారి అతని తలను, రెండోసారి పాదాలను, మూడోసారి మిగతా మైదానాన్ని చూడాలి. బంతిని చూడకూడదు. ఈ ఒక్క నియమం పాటించడానికి నాకే రెండేళ్ళు పట్టింది, ఎందుకంటే కెమెరా బంతి వెంట పోతుంది, మన కన్ను కెమెరా వెంట పోతుంది.

ఉదాహరణకు, మూడో డౌన్, తొమ్మిది గజాలు కావాలి, బంతి కుడి హ్యాష్ గుర్తు మీద ఉంది అనుకోండి. స్నాప్‌కు (బంతిని వెనక్కి అందించడానికి) ముందు, వెనుక కాపలా కాసే ఇద్దరు సేఫ్టీలు కనిపిస్తారు. బంతి చేతికి రాగానే వారిలో ఒకడు ముందుకు దిగివచ్చి మొదటి రిసీవర్ దారి మూసేస్తాడు. ఎడమ అంచు నుంచి ఒకడు దూసుకొస్తున్నాడు. ఈ అరక్షణంలో క్వార్టర్‌బ్యాక్ చూపు కిందికి జారి మీదికి వచ్చేవాడి మీద పడిందంటే, ఆ తరువాత అతను ఎంత అందంగా పరుగెత్తినా నా పుస్తకంలో సున్నాయే. అలా కాక, చూపు పైనే ఉంచి, పాకెట్‌లో (లైన్‌మెన్ కాపాడే చోటులో) ఒక్క అడుగు ముందుకు జరిగి, రెండో రిసీవర్‌ను వెతికితే, బంతి నేలపాలైనా ఒక మార్కు పడుతుంది. ఫలితాన్ని రాయవద్దు. రిసీవర్ చేతిలోంచి జారిన బంతికి విసిరినవాడిని తప్పుపట్టలేము, ఎదుటివాడు వదిలేసిన ఇంటర్‌సెప్షన్‌కు (ఎదుటి జట్టువాడు పట్టేయగల పాస్‌కు) మెచ్చుకోలేము.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. లైన్ గట్టిగా నిలబడి ఉండగానే పాకెట్ వదిలి పారిపోయే కుర్రవాడిని చురుకైనవాడని పొగిడేవారున్నారు. లేని భయాన్ని ఊహించుకుని తానే తెచ్చుకున్న సాక్‌లను విడిగా లెక్కపెట్టండి. ఈ జబ్బు అతని వెంట ఎన్‌ఎఫ్‌ఎల్‌కు కూడా వస్తుంది. నలభై గజాల పరుగుకు స్టాప్‌వాచీ పట్టుకునేవారి పద్ధతి కంటే నాది మేలని నేను మొండిగా చెప్పడానికి కారణం ఇదే. 5.28 సెకన్లలో పరుగెత్తిన, తరువాత మేటి క్వార్టర్‌బ్యాక్ అనిపించుకున్న టామ్ బ్రేడీ కంటే ముందు 2000 సంవత్సరంలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు, అతను 199వ స్థానం దాకా కూర్చున్నాడు.

ఆ తరువాత చుట్టూ ఉన్నవారిని తూచండి. వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ బంతి వేరైనా సంగతి అదే. జో బరో ఎల్‌ఎస్‌యూలో (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీలో) 2018లో 16 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, 2019లో 60 వేశాడు. మనిషి మారలేదు, పాస్ ఆటను మలిచే కొత్త కోచ్ వచ్చాడు, జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్ వంటి రిసీవర్లు రాటుదేలారు. అందుచేత ఒక్కొక్క ఆటగాడికి అతని రిసీవర్లలో డ్రాఫ్ట్‌కు పనికొచ్చేవారెందరో పేజీ అంచున రాసుకోండి. దిగువ స్థాయి పోటీలో సాధించిన శుభ్రమైన రికార్డును కూడా అనుమానించండి. ట్రే లాన్స్ 2019లో నార్త్ డకోటా స్టేట్‌కు 28 టచ్‌డౌన్ పాస్‌లు వేసి ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా ఇవ్వలేదు, 2021లో మూడో ఎంపికయ్యాడు, కానీ ఎంచుకున్న జట్టులో నిలదొక్కుకోలేకపోయాడు.

నా పద్ధతీ తప్పింది, దాచడమెందుకు? 2018లో యూసీఎల్‌ఏ ఆటగాడు జాష్ రోజెన్ పాదాలూ చూపూ నన్ను మురిపించాయి, పాస్‌లు 56 శాతమే అందిన వయోమింగ్ కుర్రవాడు జాష్ అలెన్ పేరు కింద అడ్డంగా గీత కొట్టాను. రోజెన్‌ను అతని జట్టు ఏడాదికే వదిలించుకుంది. అలెన్ 2024 సీజన్‌కు లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అప్పటి నుంచి చుట్టూ బలహీనమైన జట్టు ఉన్నవాడికి మూడో డౌన్ పరీక్షలో రెండు మార్కులు అదనంగా ఇస్తున్నాను.

చివరిగా, ఇద్దరి గురించీ చెరి మూడు వాక్యాలు రాసి, కింద తేదీ వేయండి. ఇతను రెండో మహోమ్స్, అతను రెండో బ్రేడీ అన్న పోలిక ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. ఫిబ్రవరి చివర ఇండియానపోలిస్‌లో కొలతల సంత (డ్రాఫ్ట్‌కు వచ్చే ఆటగాళ్ళను కొలిచి పరీక్షించే కంబైన్) మొదలయ్యే లోపే ఇది పూర్తిచేసి, డ్రాఫ్ట్ రాత్రి దాకా ఆ పుస్తకం తెరవకండి.