చిన్న విమానంలో ఇంధనం లెక్క తప్పకుండా ఉంచుకోవడం ఎలా?

విశాఖపట్నం నుంచి పైలట్ శిక్షణకు వెళ్ళిన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. వాళ్ళను నేను ముందుగా అడిగేది ఒకటే: కిందటిసారి ఇంజన్ ఆపినప్పుడు విమానంలో ఎన్ని లీటర్లు మిగిలాయి? "సగం ట్యాంకు పైనే ఉందండీ" అన్న జవాబు ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. లీటర్లలో చెప్పలేని పైలట్‌కు తన దగ్గర ఎన్ని నిమిషాలు ఉన్నాయో తెలియదు. అందుకే నేను పాటించే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ పాత సెస్నా 172ఎన్ విమానానివి. దాని రెండు రెక్కల్లో ఉండే ట్యాంకుల్లో కలిపి 43 అమెరికన్ గ్యాలన్లు, అంటే సుమారు 163 లీటర్లు పడుతుంది. అందులో ఇంజన్‌కు అందేది 40 గ్యాలన్లే, అంటే 151 లీటర్లు. మిగతాది ట్యాంకు అడుగున ఉన్నా లేనట్టే లెక్క.

కావలసిన సామాను తక్కువే. ట్యాంకులో దింపి ఇంధనం ఎంతుందో చూసేందుకు ఆ విమానానికే గుర్తులు పెట్టిన చెక్క డిప్ స్టిక్, అడుగు పెట్రోలు తీసి చూసే చిన్న పారదర్శకమైన కప్పు, చేతి గడియారం, గట్టి అట్ట నోటుపుస్తకం, పెన్సిల్ ఉంటే చాలు. పెన్ను వద్దు, పెన్సిలే వాడాలి.

మొదట ట్యాంకుల అడుగు నుంచి కొంచెం పెట్రోలు కప్పులోకి తీసి చూడండి. ఇలాంటి చిన్న విమానాలు వాడే పెట్రోలు, అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్, లేత నీలం రంగులో ఉంటుంది. నీరు ఉంటే అడుగున బుడగలా విడిగా నిలుస్తుంది. మన సముద్రతీరపు తేమ గాలిలో, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రికి రాత్రే నీరు చేరే అవకాశం ఉంది కనుక ప్రతి ఉదయమూ ఈ పని చేయాలి. నీరు పూర్తిగా పోయేదాకా తీసి, ఆ తరువాతే కొలతకు వెళ్ళాలి.

ఇక అసలు పని డిప్ తీయడం. చూడడానికి కర్ర ముంచి తీయడమే కనుక అందరూ తేలికగా తీసుకుంటారు, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

విమానం నిలిచిన నేల సమతలంగా ఉండాలి. విమానాలు నిలిపే ఏప్రన్ వాననీరు పారడానికి వీలుగా కొద్దిగా వాలుగా కట్టి ఉంటుంది, ఆ వాలు కంటికి ఆనదు. ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో ఎంచే ఫ్యూయల్ సెలెక్టర్ 'బోత్' (రెండూ) మీద ఉంటే, ఎత్తున ఉన్న రెక్కలోని పెట్రోలు పల్లంలో ఉన్న రెక్కలోకి మెల్లగా దిగిపోతుంది. అందుచేత విమానం ఆపగానే సెలెక్టర్‌ను ఎడమకో కుడికో తిప్పి ఉంచండి. ముందు చక్రం స్ట్రట్‌లో, అంటే కుదుపులు తట్టుకునే కాలులో, గాలి తగ్గినా, ఒక టైరు మెత్తబడినా కొలత మారుతుంది. నా శిక్షణ రోజుల్లో ఒకసారి వాలు నేల మీద పల్లపు వైపు రెక్కను మాత్రమే కొలిచి, రెండో రెక్కలోనూ అంతే ఉంటుందని రాసుకున్నాను. నలభై లీటర్లు మిగలాల్సిన చోట దిగాక పదిహేనే మిగిలాయి. ఆనాటి నుంచి రెండు రెక్కలూ ఎక్కి చూడకుండా నేను ఇంజన్ తిప్పలేదు.

మరొక విమానానికి చేసిన కర్రను వాడకండి, అది అదే మోడల్ విమానానిదైనా సరే. మీ కర్ర మీరే చేసుకోండి. సమతలమైన నేల మీద, ఎర్త్ వైరు తగిలించాక, ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించండి. తరువాత ఇంజన్‌కు అందని భాగాన్ని, అంటే ఈ విమానంలో ఒక్కో ట్యాంకుకు సుమారు 5.7 లీటర్లు, పోసి దాన్ని సున్నాగా లెక్కించండి. అక్కడి నుంచి పది పది లీటర్లుగా పోయిస్తూ ప్రతిసారీ కర్ర దింపి గాటు పెట్టండి. రెక్క మొదలు పల్లంగా, కొస ఎత్తుగా ఉంటుంది, పెట్రోలు పోసే మూతేమో మొదలుకు దూరంగా ఉంటుంది. కాబట్టి మొదటి కొన్ని లీటర్లు కర్రకు అసలు తడి అంటించవు. ఏ లీటరు దగ్గర తడి మొదలైందో కర్ర మీదే చెక్కండి. పొడి కర్ర పైకి వస్తే ట్యాంకులో ఏమీ లేనట్టే భావించాలి.

కర్రను నిలువుగా దింపాలి, అడుగు తగిలిన వెంటనే తీయాలి, తీసిన క్షణంలోనే చదవాలి. అవ్‌గ్యాస్ మన ఎండలో చూస్తుండగానే ఆవిరవుతుంది, పక్కవారితో రెండు మాటలు మాట్లాడేలోపే తడి గీత కిందికి జారిపోతుంది. ఒక్కో ట్యాంకును రెండుసార్లు కొలిచి, తక్కువ వచ్చిన అంకెనే రాయండి. మే నెల ఎండలో అంచు దాకా నింపిన ట్యాంకు వేడికి వ్యాకోచించి గాలి ఆడే వెంటు గొట్టం నుంచి కారుతుంది. కనుక ముందురోజు సాయంత్రం నింపాము గదా అని కొలవకుండా వదలకూడదు.

మన ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు వేటకు బయలుదేరే ముందు డీజిల్ ట్యాంకులో కర్ర దింపి చూసుకుంటాడు. నడిసముద్రంలో ఇంజన్ ఆగితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఆకాశంలో మనకు లంగరు వేసుకునే వీలు కూడా లేదు.

రాసే అంకెకు పక్కన ప్రమాణం తప్పకుండా రాయాలి. పోసేవారు లీటర్లలో పోస్తారు, విమానం మాన్యువల్ గ్యాలన్లలో ఉంటుంది, బరువు లెక్క కిలోలలోనో పౌండ్లలోనో వేస్తారు. గ్యాలను 3.785 లీటర్లు, లీటరు అవ్‌గ్యాస్ బరువు సుమారు 0.72 కిలోలు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయి, గ్లైడరులా జారుతూ గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దిగింది. ఇంధనం ఎంతుందో చూపే గేజీలు పనిచేయక సిబ్బంది ట్యాంకులను చేత్తో కొలిచారు. లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు మాత్రం కిలోల గుణకానికి బదులు పౌండ్ల గుణకం, 1.77, వాడారు. ఫలితంగా 22,300 కిలోలకు బదులు 22,300 పౌండ్లతో విమానం బయలుదేరింది. నేను నోటుపుస్తకంలో లీటర్లు తప్ప మరేదీ రాయను, మీరూ రాయవద్దు.

గాలిలో చేయాల్సింది తక్కువ. ఇంజన్ తిప్పిన నిమిషం రాసుకోండి. స్టార్టుకు, ట్యాక్సీకి, టేకాఫ్‌కు నాలుగు లీటర్లు ముందే కొట్టివేయండి. తరువాత ప్రతి అరగంటకు సమయం, స్థలం, మిగిలిన లీటర్లు ఒక వరుసలో రాయండి. మిక్శ్చర్‌ను, అంటే గాలిలో కలిసే పెట్రోలు పాళ్ళను, సరిగా తగ్గించి నడిపితే ఈ విమానం గంటకు సుమారు 32 లీటర్లు తాగుతుంది, తగ్గించడం మరచిపోతే అంతకు మించి తాగుతుంది. విశాఖపట్నం నుంచి విజయవాడకు నేరుగా సుమారు 155 నాటికల్ మైళ్ళు. గాలి లేనప్పుడు 110 నాట్ల (గంటకు 110 నాటికల్ మైళ్ళ) వేగంతో గంటా ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఎదురుగాలి 25 నాట్లు ఉంటే అదే దారి గంటా 49 నిమిషాలవుతుంది, మరో 13 లీటర్లు పోతాయి. అందుకే దూరాన్ని బట్టి లెక్క వేయకూడదు, గడియారాన్ని బట్టే వేయాలి. విశాఖపట్నం రన్‌వే నౌకాదళ వైమానిక స్థావరమైన ఐఎన్ఎస్ డేగాలో ఉంది కనుక తిరిగి వచ్చేటప్పుడు చక్కర్లు కొట్టవలసి రావచ్చునని లెక్కలో ఉంచుకోవాలి. చట్టం అడిగే కనీస నిల్వ ఎంతైనా, దిగేసరికి నా ట్యాంకుల్లో గంటసేపటికి సరిపడా, అంటే 32 లీటర్లు, ఉండి తీరాలి. లెక్క అంతకంటే తగ్గేలా కనిపిస్తే దారిలో రాజమండ్రిలో దిగుతాను.

ఇంధన ప్రవాహాన్ని కొలిచే ఎలక్ట్రానిక్ మీటరు ఉంటే ఇంత శ్రమ ఎందుకని అడిగేవారున్నారు. ఆ మీటరు ఇంజన్‌లోకి వెళ్ళిన పెట్రోలునే లెక్కిస్తుంది. మొదట మీరు తప్పు అంకె ఇస్తే చివరి దాకా ఆ తప్పునే మోస్తుంది. ట్యాంకు మూత సరిగా బిగియకపోతే రెక్క పైనున్న తక్కువ పీడనం పెట్రోలును బయటికి లాగేస్తుంది, అది మీటరుకు తెలియదు. అలాంటి వేళ పనికొచ్చేది గేజీయే. గేజీ ముల్లు మలుపుల్లో ఊగుతుంది, దాన్ని చూసి ప్రయాణం నిర్ణయించకూడదు. అయినా అది మీ పుస్తకం కంటే స్పష్టంగా తక్కువ చూపి అలాగే నిలిచిపోతే, పుస్తకాన్ని పక్కనపెట్టి గేజీని నమ్మి దగ్గరలో దిగిపోండి. ఎక్కువ చూపితే మాత్రం పట్టించుకోవద్దు.

దిగాక ఇంజన్ ఆపిన నిమిషం రాసి, సెలెక్టర్ తిప్పి, మళ్ళీ రెండు రెక్కలూ కొలవండి. తరువాత నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టాయో బిల్లు చూసి, మీరు వేసిన లెక్క పక్కన రాయండి. పది ప్రయాణాలు ఇలా రాస్తే, మాన్యువల్‌లోని అంకెతో పనిలేకుండా, మీ విమానం మీ చేతిలో గంటకు నిజంగా ఎంత తాగుతుందో తేలుతుంది. వాటిలో అన్నిటికంటే పెద్ద అంకెను పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుని, పదకొండో ప్రయాణానికి దానితోనే లెక్క మొదలుపెట్టండి.