పాటల తేదీలు మర్చిపోకుండా ఉండాలంటే

మా నెల్లూరు వాళ్లకి జూన్ 4 ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, గాయకుడు ఎస్పీ బాలు గారు 1946లో పుట్టిన రోజు. మిగతావాటికి ఫోన్ క్యాలెండరే దిక్కు. తేదీ కొట్టి, 'ప్రతి ఏడాది' అని పెట్టి, పక్కన సంవత్సరం కూడా రాయండి, లేకపోతే ఎన్నో ఏడో తేలక మళ్లీ వెతుక్కోవాలి. సినిమా పాటలతోనే అసలు తంటా: ఆడియో ఒకరోజు వస్తుంది, సినిమా ఇంకోరోజు, రెండూ కలిపేస్తే అంతే సంగతులు, కాబట్టి పాత క్యాసెట్ అట్ట ఉంటే దానిమీద సంవత్సరం చూడండి. క్యాలెండర్లో అన్ని రకాల సంగీతమూ ఉండనివ్వండి. సెప్టెంబర్ 25 బాలు గారి వర్ధంతి, మర్నాడే బీటిల్స్ బ్యాండ్ ఆల్బమ్ 'అబ్బే రోడ్' వచ్చిన రోజు (1969). కర్ణాటక సంగీతానికి జూలై 6, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి పుట్టినరోజు. ఆరోజు స్టేటస్ పెట్టి ఊరుకోకుండా ఒక్క పాటైనా పూర్తిగా వినండి.