పూసిన చెట్టు ఎండుతోందా? ముందు మొదలు చూడండి

నల్లగొండలో మా వాడకట్టులో ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "గెల మంచిగ వేసింది, ఇప్పుడు చెట్టు ఎండుతోంది, ఏం మందు కొట్టాలి?" మందు అక్కర్లేదు. కొన్ని మొక్కలు బతుకంతటిలో ఒక్కసారే పూస్తాయి, కాయో గింజో ముదిరాక చచ్చిపోతాయి. అలాగని ఎండే ప్రతి చెట్టూ ఆ జాతిదే అనుకోవద్దు.

అరటి: కొత్త ఆకు రావడం లేదు, ఉన్నవి పసుపెక్కుతున్నాయి

గెల వేశాక ఇలా అయితే టెన్షన్ పడకండి. మనం కాండం అనుకునేది ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకున్న ఆకు మట్టలే. అసలు కాండం నేలలో ఉన్న దుంప. ఆకులు పుట్టించే దాని మొనే ఒకరోజు పువ్వుగా మారి, మట్టల నడుమ నుంచి పైకొస్తుంది. ఇక ఆకు పుట్టే చోటే మిగలదు. యూరియా ఎంత వేసినా కొత్త ఆకు రాదు.

చివరి హస్తం (కాయల వరుస) కట్టాక కింద వేలాడే పువ్వును కోసి కూర వండుకోండి. గెల బరువుకు చెట్టు ఒరగకుండా పోటు పెట్టండి. గెల ముదరడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అప్పటిదాకా నీళ్లు ఆపొద్దు. గెల దించాక తల్లి చెట్టును కొట్టేయండి గానీ, గడ్డపార పెట్టి దుంపను పెకిలించొద్దు. మొదటిసారి నేను అదే చేశాను. పక్కనున్న మూడు పిలకలూ దాంతోపాటే పోయాయి, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కత్తుల్లాంటి సన్నటి ఆకులతో, మొదలు లావుగా ఉన్న పిలకను ఉంచండి. చిన్నప్పుడే వెడల్పాటి ఆకులేసింది చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ దాంట్లో బలం ఉండదు, తీసేయండి.

గెల రాకముందే కింది ఆకులు పసుపెక్కి, కాడ దగ్గర విరిగి, చెట్టు చుట్టూ వేలాడుతున్నాయా? కాండం కోసి చూడండి. లోపల ఎరుపు, గోధుమ రంగు చారలుంటే పనామా తెగులు (నేలలోంచి సోకే ఎండు రోగం) అయ్యుండొచ్చు. ఆ పిలకలు ఎవరికీ ఇవ్వొద్దు, అదే గుంతలో మళ్లీ అరటి పెట్టొద్దు.

కిత్తనార: నడిమి నుంచి స్తంభంలా కాడ లేచింది, మట్టలు ముడుచుకుపోతున్నాయి

చెలక గట్ల మీద కంచెగా పెట్టేది ఇదే. ఏళ్ల తరబడి మట్టల్లో దాచుకున్న నీళ్లూ చక్కెరా అన్నీ ఆ కాడకే పోతాయి. కాడ నరికితే తల్లి కొన్నాళ్లు ఎక్కువ నిలబడొచ్చు గానీ బతికి బట్టకట్టదు. దాన్ని పూయనివ్వడమే మంచిదని నేనంటాను. మొదలు దగ్గర వచ్చిన పిలకల్ని, చాలాసార్లు కాడ మీదే మొలిచే చిన్న మొక్కల్ని తీసి నాటుకోండి. రసం తగిలితే దురద పెడుతుంది, చేతులకు తొడుగులు వేసుకోండి. కలబందను చూసి మాత్రం భయపడొద్దు, అది పూసినా చావదు.

కొత్తిమీర: నాటిన కొద్ది రోజులకే పువ్వు

ఎండ వేడే కారణం. నీడలో, పదిహేను రోజులకోసారి ధనియాలు కొంచెం కొంచెం చల్లుకోండి. పూసినదాన్ని ధనియాలకు వదిలేయండి.

వెదురు: ఆకులు రాలి, పొద అంతా కంకులు

అమ్రాబాద్ వైపు నల్లమలలో పెరిగే వెదురు కొన్ని దశాబ్దాలకోసారి ఇలా పూస్తుంది. ఒకటి రెండు బొంగులే పూస్తే ఆగి చూడండి, మిగతా పొద నిలబడొచ్చు. పొద అంతా పూస్తే మాత్రం ఎరువుతో, నీళ్లతో ఆపలేం. పచ్చగా కనిపిస్తోంది కదా అని దాని దుంపను తవ్వి వేరేచోట నాటితే, ఆ వయసు వెంటే వస్తుంది, అక్కడా పూసి చస్తుంది. ఒకే విత్తనం నుంచి వచ్చిన పొదలన్నీ దాదాపు ఒకేసారి పూయడానికి కారణం అదే. రాలిన గింజను, అంటే వెదురు బియ్యాన్ని, ఎలుకలు తినకముందే ఏరుకోండి. ఎండిన బొంగుల్ని నిప్పంటుకోకముందే కొట్టేయండి. గింజ దాచిపెడితే మొలిచే శక్తి పోతుంది, ఆ తొలకరికే నారు పోసుకోవాలి.