కాలువ గట్టున ఇంగ్లిష్ – 9వ పాఠం: లాక్

పోయిన పాఠంలో బ్యాంక్ గురించి చెప్పుకుని, చివర ఒక వాక్యం ఇచ్చాను. "ది గ్రాస్ ఆన్ ది బ్యాంక్ ఈజ్ వెట్." గట్టు మీద గడ్డి తడిగా ఉంది. గ్రాస్ అన్న మాట పక్కనే ఉంది కాబట్టి అది డబ్బుల బ్యాంకు కాదని తెలిసిపోతుంది. మాట అర్థం పక్క మాటల్లో వెతకాలన్నది ఈ పాఠంలోనూ పనికొస్తుంది.

ఈసారి మాట లాక్. మన డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది బళ్లో నేర్చుకున్న మాట కాదు. బస్సు కండక్టరు "లాకులు దిగేవాళ్లు రండి" అంటే మనకి అర్థమవుతుంది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి కాలువలు వెళ్లాయి. ఆ కాలువల్లో నీళ్లతో పాటు పడవలు కూడా నడవాలి కాబట్టి లాకులు కట్టారు. ఆ మాట అలా మన నోట్లోకి వచ్చేసింది.

లాకు ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. కాలువ ఒక చోట ఎత్తులోంచి పల్లానికి దిగుతుంది. అక్కడ రెండు గోడల మధ్య గదిలాంటిది కడతారు. దానికి ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. పైనుంచి వచ్చిన పడవ గదిలోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. చిన్న తూముల్లోంచి గదిలో నీళ్లు కిందికి వదులుతారు. నీళ్లతో పాటు పడవా మెల్లగా దిగుతుంది. లోపలి నీరు, దిగువ నీరు ఒక మట్టానికి వచ్చేదాకా కింది తలుపులు తెరుచుకోవు, నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. మట్టం కలిశాక తలుపులు తీస్తే పడవ ముందుకు సాగిపోతుంది. లారీలొచ్చాక పడవలు తగ్గిపోయాయి, చాలా చోట్ల ఆ గదుల్లో గుర్రపుడెక్క పెరిగింది. అయినా మీ ఊరి దగ్గర లాకు ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. బిగించి పట్టుకోవడం, అదను వచ్చినప్పుడు వదలడం. లాక్ అన్న మాట ప్రాణం అదే. ఇంకో విషయం: మనం నీళ్లు వదిలే షట్టర్లను కూడా లాకులనే అంటాం. ఇంగ్లిష్‌లో వాటిని స్లూయిస్ అనో రెగ్యులేటర్ అనో అంటారు. లాక్ అంటే పడవ దాటే గది మాత్రమే.

పలికేటప్పుడు మనం "లా" అని సాగదీస్తాం. ఇంగ్లిష్‌లో అది పొట్టి శబ్దం, పెదాలు కొంచెం గుండ్రంగా పెట్టి అనాలి. లక్ అంటే అదృష్టం, లుక్ అంటే చూడటం, ల్యాక్ అంటే లేకపోవడం. నాలుగూ వరసగా పదిసార్లు పైకి అనండి. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు "లాకెడ్" అనకండి, "లాక్ట్" అని ఒక్క ఊపులో అనాలి. వాక్ట్, టాక్ట్, కుక్ట్ కూడా అంతే. కాగితం మీద చివర డి ఉన్నా నోట్లో ట్ పలుకుతుంది.

ఇక వాడకం. తెలుగులో మనం తాళం వేస్తాం, కాబట్టి "ఐ పుట్ లాక్ టు ది డోర్" అనేస్తుంటాం. "ఐ లాక్ట్ ది డోర్" చాలు. తెలుగులో తాళం వేయడం వేరు, తాళం పడటం వేరు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకే క్రియ. తాళం పడట్లేదు అనడానికి "ది డోర్ డజంట్ లాక్" అనండి. ఇంట్లో "తాళాలు ఎక్కడ పెట్టావే?" అని అడిగేది తాళంచెవుల గురించి. ఇంగ్లిష్‌లో అది "వేర్ ఆర్ ది కీస్?" అవుతుంది, లాక్ అనకూడదు. ఇంకా ముఖ్యమైంది, తలుపు వేశాను అనడం. దగ్గరికి వేస్తే క్లోజ్ట్ కాదు, క్లోజ్‌డ్. ఇక్కడ డి పలుకుతుంది. తాళం కూడా వేస్తేనే లాక్ట్. గల్ఫ్‌లో ఇళ్లలో పనికి వెళ్లే మన కోనసీమ ఆడపిల్లలు ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. యజమాని ఫోన్ చేసి "డిడ్ యు లాక్ ది డోర్?" అని అడిగితే, తలుపు దగ్గరికి వేసి ఉండగా యెస్ అనకూడదు.

నాకు ఈ మాట విలువ తెలిసింది ఒక హోటల్లో. రాత్రి పదకొండింటికి మంచినీళ్ల కోసం వరండాలోకి వచ్చాను, వెనక తలుపు దానంతట అదే పడిపోయింది. తలుపు తెరిచే కార్డు లోపల, మా నాన్నగారి మందులూ లోపలే. కిందికి పరుగెత్తి, తెలుగు రాని కుర్రాడితో "మై రూమ్ ఈజ్ లాక్ట్" అన్నాను. గదికి తాళం వేసి ఉందంటే మంచిదే కదా, అతను తలూపి ఊరుకున్నాడు. నాకేమో టెన్షన్. నేను అనాల్సింది "ఐ యామ్ లాక్ట్ అవుట్." తలుపు సంగతి వదిలేసి నా సంగతి చెప్పాలి: నేను బయట చిక్కుకుపోయాను. లోపల చిక్కుకుపోతే "ఐ యామ్ లాక్ట్ ఇన్."

ఇన్, అవుట్ పక్కన చేరితే ఇంకొన్ని అర్థాలు పుడతాయి. పన్ను ఆదా చేసే ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి 5 ఏళ్ల లాక్-ఇన్ ఉంటుంది, అంతవరకు ఆ డబ్బు తీయలేం. కార్మికులు పని మానితే స్ట్రైక్, యాజమాన్యమే గేటు మూసేస్తే లాకౌట్. లాకప్, లాక్‌డౌన్ మీకు తెలిసినవే. చర్చలు ఎటూ కదలకుండా ఆగిపోతే డెడ్‌లాక్. తుప్పు పట్టిన మేకు గుచ్చుకున్నప్పుడు మన పెద్దలు భయపడే ధనుర్వాతాన్ని ఇంగ్లిష్‌లో లాక్‌జా అంటారు, దవడ బిగుసుకుపోతుంది కాబట్టి.

ఒక హెచ్చరిక. "ఎ లాక్ ఆఫ్ హెయిర్" అంటే జుట్టు పాయ. ఇది తాళం లాక్ కాదు, పాత ఇంగ్లిష్‌లోనే వేరే మాట. వెడ్‌లాక్ అంటే వివాహబంధం, దాన్ని పెళ్లి తాళం అనుకుంటారు గానీ అక్కడి లాక్ కూడా వేరే పాత ప్రత్యయం.

వచ్చేవారం కీ గురించి. ఈలోగా ఈ మూడూ ఇంగ్లిష్‌లో పైకి చెప్పి, తర్వాత రాయండి: బండికి హ్యాండిల్ లాక్ వేశావా? అత్తయ్యగారు మేడ మీద చిక్కుకుపోయారు, తలుపు పడిపోయింది. పడవ లాకులో ఆగి ఉంది.