వంశపారంపర్య జబ్బులు, జన్యు పరీక్షలు – 5వ పాఠం: పదమూడు కనిపిస్తే జబ్బేనా?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క దగ్గర చాలామంది ఒకే చోట జారారు. కొత్త పాఠం కాస్త ఆగినా ఫర్వాలేదు, ముందు దీన్ని తేల్చుకుందాం.

లెక్క ఇదీ. కావలిలో మేనరికం చేసుకున్న ఒక జంట అనుకోమన్నాను. ఇద్దరూ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) క్యారియర్లు, అంటే ఒక్కొక్కరిలో ఒక చెడు జన్యువు, ఒక మంచి జన్యువు ఉన్నాయి, జబ్బు మాత్రం లేదు. ఇద్దరికీ 7.6, 13 ముక్కలు రెండూ ఉన్నాయి (డీఎన్ఏని కోసినప్పుడు ఆ జన్యువున్న ముక్క పొడవు, వేల అక్షరాల్లో; అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి). మొదటి బాబుకు జబ్బుంది, వాడికి రెండూ 7.6 ముక్కలే. ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డకు రెండూ 13 ముక్కలు. ఆ బిడ్డ సంగతేమిటి?

దాదాపు అందరూ "జబ్బు ఉంది" అని రాశారు. ఆ బిడ్డకు జబ్బు లేదు, కనీసం క్యారియర్ కూడా కాదు. కాగితం మీద ఇది ఒక మార్కు తప్పు. ఆ తల్లిదండ్రులకు మాత్రం గర్భం ఉంచుకోవాలా, తీయించుకోవాలా అన్న నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది. అందుకే ఇంత గట్టిగా పట్టుకున్నాను.

మీరెక్కడ జారారో తెలుస్తూనే ఉంది. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వై. డబ్ల్యూ. కాన్, ఆండ్రే డోజీ ఇద్దరూ హెచ్‌పిఏ-వన్ అనే ఎంజైమ్‌తో (డీఎన్ఏలో ఒక ప్రత్యేక అక్షరాల వరుస ఉన్నచోటే కోసే కత్తెరలాంటిది) డీఎన్ఏని కోసి చూశారని చెప్పాను. బీటా గ్లోబిన్ జన్యువున్న (సికిల్ జబ్బులో చెడేది ఈ జన్యువే) ముక్క మామూలుగా 7.6 వేల అక్షరాల పొడవు ఉండగా, వాళ్ల దగ్గర సికిల్ జన్యువున్న వాళ్లలో 87 శాతం మందికి 13 వేల అక్షరాల ముక్క కనిపించింది. మీరు ఆ 87 పట్టుకుని "13 అంటే సికిల్" అని రాసేసుకున్నారు. అదే పొరపాటు.

ఆ ఎంజైమ్ కోసే చోటు జన్యువు లోపల లేదు. జన్యువు చివర నుంచి సుమారు 5,000 అక్షరాల అవతల ఉంది. అక్కడ కోత పడిందా లేదా అన్నదే ముక్క పొడవును తేలుస్తుంది. సికిల్ మ్యుటేషన్ (జబ్బు తెచ్చే అక్షరం మార్పు) గురించి ఆ కోతకు ఏమీ తెలియదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒకరి ఇల్లు చెప్పాలంటే "వేపచెట్టు పక్కన" అంటాం. అంతమాత్రాన వేపచెట్టున్న ప్రతిచోటా వాళ్లిల్లు ఉండదు కదా. 13 ముక్క ఆ చెట్టులాంటిది.

ఇది ఊరికే వాదన కోసం చెబుతున్నది కాదు. కాన్, డోజీలే 1980లో వేరే దేశాల వాళ్ల నమూనాలు చూసినప్పుడు, మన దేశంలోనూ సౌదీ అరేబియాలోనూ సికిల్ జన్యువు 7.6 ముక్కతోనే కలిసి కనిపించింది. అంటే అమెరికా లెక్కను తెచ్చి మన వాళ్ల రిపోర్టు చదివితే జబ్బున్న బిడ్డను లేదని, లేని బిడ్డను ఉందని చెబుతాం.

మరి ఎలా చదవాలి? ఆ కుటుంబాన్నే అడగాలి. నా అలవాటు చెబుతాను: జబ్బున్న బిడ్డ దగ్గర మొదలుపెడతాను, తల్లిదండ్రుల దగ్గర కాదు. జబ్బున్న బిడ్డలో రెండు జన్యువులూ చెడినవే, అందులో అనుమానం లేదు. కాబట్టి వాడి రెండు ముక్కలకూ ఎర్ర పెన్సిల్‌తో గీత. మన బాబుకు రెండూ 7.6. అంటే నాన్న ఇచ్చిన 7.6 ఎరుపు, అమ్మ ఇచ్చిన 7.6 ఎరుపు. నాన్నలో మిగిలింది 13, అది మంచిది. అమ్మలోనూ అంతే. ఇక కడుపులో బిడ్డ రెండు 13లూ ఎక్కడ నుంచి తెచ్చుకుంది? రెండు మంచి వాటి నుంచి. పెన్సిళ్లు మాత్రం తప్పకుండా వాడండి, మనసులో లెక్క వేస్తే మళ్లీ 13 దగ్గరే టెన్షన్ పడతారు.

అదే బాబుకు రెండూ 13 ఉండి ఉంటే మొత్తం తిరగబడేది. తల్లిదండ్రుల్లో ఒకరికి రెండూ 7.6 ముక్కలే ఉంటే, వాళ్ల వైపు నుంచి ఏ జన్యువు వచ్చిందో ఈ పద్ధతి చెప్పలేదు. అలాంటప్పుడు "తెలియదు" అని రాయడమే సరైన జవాబు. ఆ మాట రాయడానికి భయపడకండి.

ఇంకొకటి. "మేనరికం కాబట్టి జబ్బే" అని ఇద్దరు రాశారు. ఇద్దరూ ఒకే చెడు జన్యువు మోసే అవకాశాన్ని మేనరికం పెంచుతుంది. ఇద్దరూ క్యారియర్లని తేలిపోయాక మేనరికమైనా బయటి సంబంధమైనా ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతే.

ఇక కొత్త విషయం, కొంచెమే. పక్క గుర్తును కాకుండా మ్యుటేషన్‌నే పట్టుకునే ఎంజైమ్ దొరికితే ఈ తలనొప్పి ఉండదు. 1982 నాటికి అది దొరికింది: ఎంఎస్‌టి-టూ. అది "సిసిటి, ఏదో ఒక అక్షరం, ఏజిజి" అన్న వరుసను వెతుక్కుని కోస్తుంది. మంచి జన్యువులో ఆ చోట ఇలా ఉంటుంది:

సి సి టి జి ఏ జి జి

సికిల్ జన్యువులో:

సి సి టి జి టి జి జి

ఏ పోయి టి వచ్చింది, కోత పడదు. కోత పడితే 1.15 వేల అక్షరాల ముక్క, పడకపోతే 1.35 వేల ముక్క. పరీక్షలో ఒక్కో పొడవు ముక్క ఒక్కో గీతగా కనిపిస్తుంది, కాబట్టి క్యారియర్‌కు రెండు గీతలూ కనిపిస్తాయి. మధ్యలో 1.25 దగ్గర ఒకే గీత వస్తుందని మాత్రం అనుకోవద్దు, ముక్కలు కలిసిపోవు. ఇక్కడ కుటుంబాన్ని అడగక్కర్లేదు, బిడ్డ డీఎన్ఏ ఒక్కటే చాలు.

మ్యుటేషన్ సరిగ్గా కోత చోటే పడడం సికిల్ విషయంలో మన అదృష్టం. అదే బీటా గ్లోబిన్ జన్యువులో తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు) తెచ్చే మ్యుటేషన్లు వందల్లో ఉన్నాయి, అన్నిటికీ ఒకే ఎంజైమ్ పనికిరాదు. దానికి పీసీఆర్ (డీఎన్ఏలో కావలసిన భాగానికి ఎన్నో నకళ్లు తీసే పద్ధతి) కావాలి, వచ్చే పాఠంలో చూద్దాం.

అభ్యాసం: సింగరాయకొండలో ఒక జంట అనుకోండి. ఇద్దరూ క్యారియర్లు, ఇద్దరికీ 7.6, 13 ఉన్నాయి. మొదటి పాపకు జబ్బుంది. ఆ పాపకు ఒక 7.6, ఒక 13. ఏది నాన్నదో ఏది అమ్మదో తెలియదు. కడుపులో బిడ్డకు (అ) రెండూ 13, (ఆ) రెండూ 7.6, (ఇ) ఒకటి 7.6, ఒకటి 13 ఉంటే ఒక్కో సందర్భంలో ఏం చెప్పగలరు, ఏం చెప్పలేరు? రెండు అవకాశాలకూ వేరువేరు బొమ్మలు గీయాలి. తర్వాత అదే కుటుంబానికి ఎంఎస్‌టి-టూ పరీక్ష చేస్తే (ఇ)లో ఏ ఏ గీతలు రావచ్చో రాయండి. బొమ్మలు లేకుండా జవాబు మాత్రమే పంపితే దిద్దను.