మిన్నెసోటా చలిలో స్వీట్ పీ పూలు: విత్తనాలు ఎప్పుడు, ఎలా వేయాలి?

మినియాపొలిస్ వంటి చలి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారు సొర, బీర, చిక్కుడు గింజలను నేల వెచ్చబడేదాకా ఆగి మే నెలాఖరులో వేస్తారు, అది సరైన పద్ధతే. అదే అలవాటుతో స్వీట్ పీ గింజలనూ అప్పుడే వేస్తే మాత్రం ఆ ఏడాది పూలపై ఆశ వదులుకోవలసిందే. తొలి ఏడాది నేనూ అలాగే వేశాను. తీగలు నడుమెత్తు పెరిగేసరికి ఎండలు ముదిరాయి, మొగ్గలు విచ్చుకోకముందే పసుపుబారి రాలిపోయాయి.

ఈ తీగ పుట్టిల్లు మధ్యధరా ప్రాంతంలోని సిసిలీ. అక్కడ ఇది శరదృతువు వానలకు మొలకెత్తి, తేలికపాటి చలికాలమంతా వేళ్లూని, వసంతంలో పూచి, వేసవి ఎండలకు ఎండిపోతుంది. అందువల్ల విత్తే తేదీని లెక్కించేటప్పుడు చలి ఎప్పుడు తగ్గుతుందన్నది కాక, ఎండ ఎప్పుడు ముదురుతుందన్నది చూసుకోవాలి. మినియాపొలిస్‌లో జులై పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 28 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పటికే తీగ పందిరి ఎక్కి పూస్తూ ఉండాలి. విత్తిన నాటి నుంచి పూతకు సుమారు మూడు నెలలు పడుతుంది కనుక, మార్చి నెల నడుమ ఇంట్లోనే నారు పోసుకోవడం ఉత్తమం. ఇంగ్లండ్‌లో చాలామంది అక్టోబరు, నవంబరు నెలల్లోనే విత్తుతారు. మైనస్ 20 డిగ్రీల కిందికి దిగే మిన్నెసోటాలో ఆ పద్ధతిని ఆరుబయట అనుసరించలేము.

రకాన్ని ఎంచుకునేటప్పుడు ఎండను కొంత ఓర్చుకునే పాత రకాలకు ప్రాధాన్యం ఇవ్వండి. 1699లో సిసిలీకి చెందిన సన్యాసి ఫ్రాన్సిస్కో కుపానీ ఇంగ్లండ్‌లోని ఉపాధ్యాయుడు రాబర్ట్ యువడేల్‌కు ఈ గింజలను పంపాడు. ఆయన పేరుతోనే నేటికీ దొరికే 'కుపానీ' రకం పూలు చిన్నవే అయినా, ముదురు ఎరుపు, ఊదా రంగులు కలిసిన ఆ పూల పరిమళం ముందు పెద్ద పూల రకాలు చాలావరకు తేలిపోతాయని నా అభిప్రాయం. గులాబీ, తెలుపు రంగుల 'పెయింటెడ్ లేడీ' కూడా మంచిదే.

స్వీట్ పీ గింజల పైతొక్క గట్టిది. గింజకు ఒక పక్కన చిన్న మచ్చలా కన్ను కనిపిస్తుంది. దానికి ఎదురు వైపున నెయిల్ కట్టర్‌తో తొక్కను మాత్రమే కొద్దిగా గిల్లితే నీరు లోపలికి చేరి మొలక త్వరగా వస్తుంది. నల్లటి గింజలను ఒక రాత్రి నానబెట్టవచ్చు. శనగలు మరిచిపోయినట్లు రెండు రోజులు నీళ్లలో వదిలేస్తే అవి కుళ్లిపోతాయి. లేత రంగు గింజలు మరింత సున్నితమైనవి కనుక వాటిని నానబెట్టకుండా నేరుగా విత్తడమే మేలు.

ఈ మొక్క వేరు లోతుకు దిగుతుంది, కదిలిస్తే నొచ్చుకుంటుంది. వెడల్పాటి ట్రేలకు బదులు 12 నుంచి 15 సెంటీమీటర్ల లోతున్న సన్నని కుండీలు వాడండి. టాయిలెట్ పేపర్ చుట్టిన అట్టగొట్టాలను నిలబెట్టి మట్టి నింపినా సరిపోతుంది, వాటిని అలాగే నేలలో పాతేయవచ్చు. తడిపిన పాటింగ్ మిక్స్‌లో గొట్టానికి ఒకటి రెండు గింజలు, 2 సెంటీమీటర్ల లోతున వేసి, 13 నుంచి 18 డిగ్రీల వేడి ఉండే చోట పెట్టండి. కుండీల అడుగున వేడినిచ్చే హీట్ మ్యాట్ అవసరం లేదు. పది రోజుల నుంచి మూడు వారాల్లోపు మొలకలు వస్తాయి. బేస్‌మెంట్‌లో ఎలుకలు తిరుగుతుంటే పైన జాలీ కప్పాలి, అవి ఈ గింజలను వెతికి మరీ తింటాయి. ఇంట్లో పసిపిల్లలుంటే గింజలను వారికి అందనీయవద్దు. పేరులో బఠాణీ ఉన్నా ఇవి విషపూరితం, ఎక్కువ కాలం తింటే కాళ్లు చచ్చుబడే ముప్పు ఉందని మనవాళ్లకు తెలిసిన కేసరి పప్పు కూడా ఈ కుటుంబానికి చెందినదే.

అసలు జాగ్రత్త మొలక వచ్చిన తరువాతే మొదలవుతుంది. వెచ్చని గదిలో ఉంచితే నారు పాలిపోయి, సన్నగా సాగి, పడిపోతుంది. మొలక కనబడగానే 10 డిగ్రీల దరిదాపుల్లో ఉండే చల్లని, బాగా వెలుతురు పడే చోటికి మార్చాలి. గడ్డకట్టని గరాజ్‌లో మొక్కలకు దగ్గరగా ఎల్‌ఈడీ దీపం వేలాడదీసినా చాలు. ఆ చలిలో పైకి పెరుగుదల నెమ్మదించినట్లు కనిపించినా, లోపల వేరు బలపడుతూనే ఉంటుంది. రెండు మూడు జతల ఆకులు రాగానే చివర చిగురును తుంచేయండి. చేతులారా పెంచిన మొక్కను గిల్లడానికి మనసొప్పకపోవచ్చు గాని, అలా తుంచితేనే మొదలు దగ్గరి నుంచి బలమైన పక్కకొమ్మలు వస్తాయి.

ఏప్రిల్ నెలాఖరులో, నేల కరిగి మట్టి చేతికి పొడిపొడిగా అనిపించినప్పుడు నాటవచ్చు. దానికి ముందు ఒక వారం పది రోజులు కుండీలను రోజూ కొంతసేపు ఆరుబయట పెట్టి, ఆ సమయాన్ని క్రమంగా పెంచుతూ గాలికీ ఎండకూ అలవాటు చేయాలి. అలా అలవాటుపడిన నారు తేలికపాటి మంచును తట్టుకుంటుంది. చలి మరీ ముదిరే రాత్రి మాత్రం పాత దుప్పటి కప్పండి. బాగా చివికిన కంపోస్టు కలిపిన లోతైన నేలలో 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడంతో నాటి, ఆరడుగుల పందిరిని నాటిన రోజే నిలబెట్టాలి. ఈ నులితీగలు లావాటి కర్రలను చుట్టుకోలేవు కనుక వల గాని, పురికొస గాని కట్టాలి.

జూన్‌లో మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి పరిచి, వేరు దాకా దిగేలా నీరు పెట్టండి. పూత మొదలయ్యాక రెండు రోజులకోసారి ఉదయం పూటే పూలన్నీ కోయాలి. ఒక్క కాయ ముదిరినా తీగ తన పని అయిపోయిందన్నట్లు పూయడం తగ్గిస్తుంది, అందుకే ఆకుల చాటున దాగిన కాయలను కూడా వెతికి తుంచేయండి.